దాపలి వైపు

తెలుగు పల్లెల్లో ఎడ్లబండి తోలే రైతుకు కాడికి కట్టిన రెండు ఎడ్లూ ఒకటి కావు. కుడివైపు ఎద్దును వలపటి ఎద్దు అనీ, ఎడమవైపు ఎద్దును దాపటి ఎద్దు అనీ అతడు వేరువేరుగా వ్యవహరిస్తాడు. ఏ ఎద్దు ఏ వైపు నడవడానికి అలవాటు పడిందో ఎరిగి కాడి కడతాడు. బండి ముందు నొగల నడుమ కూర్చున్న అతనికి రెండు చక్రాలూ ఇంచుమించు సమాన దూరంలోనే ఉంటాయి. తల కొంచెం తిప్పితే చాలు, వలపటి చక్రం ఎక్కడ నడుస్తున్నదో, దాపటి చక్రం ఏ గట్టును ఒరుసుకొని పోతున్నదో కంటికి కనిపిస్తుంది. అంతేకాదు, కాలువ అంచుకు వచ్చినప్పుడు తోలేవాడు ఏమరుపాటుగా ఉన్నా ఎద్దు తనంతట తానే వెనుకాడుతుంది. ప్రాణమున్న జీవికి గోతిభయం సహజం.

కారుకు ఆ భయం లేదు. అది తోలేవాడి చేతిని బట్టి పోతుందే తప్ప గోతిని చూసి ఆగదు. నడిచిపోతున్న ముసలివానిని చూసి పక్కకు తొలగదు. పైగా కారు నడిపే వ్యక్తి నడుమ కూర్చోడు. భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపున సాగుతాయి కనుక చోదకుని ఆసనం కుడివైపున ఉంటుంది. ఎదురుగా వచ్చే వాహనాలను చక్కగా చూడడానికి, ముందున్న బండిని దాటేటప్పుడు ఎదుటి దారిని గమనించడానికి ఈ ఏర్పాటు అనుకూలమైనది. అయితే దాని మూలంగా కారులో అధికభాగం అతనికి ఎడమవైపుననే మిగిలిపోతుంది. కుడివైపు తలుపు మోచేతికి తగులుతూ ఉంటుంది. ఎడమవైపు తలుపు మాత్రం మీటరుకు పైగా దూరంలో, చూపుకు అందీ అందనట్లుగా ఉంటుంది. ఈ మీటరు దూరాన్ని తన శరీరంలో భాగంగా ఎరగడమే కారు నడపడంలో తొలిపాఠం. దురదృష్టవశాత్తు చాలామందికి అది చిట్టచివరి పాఠం అవుతున్నది. కొందరికి ఎన్నటికీ రాని పాఠంగా మిగిలిపోతున్నది.

కారు నేర్చుకొనేవారిలో చాలామంది అంతకుముందే సైకిలు తొక్కినవారు, స్కూటరో మోటారు సైకిలో నడిపినవారు. ద్విచక్ర వాహనం మీద మనిషే వాహనానికి మధ్యరేఖ. అతని శరీరం ఎక్కడ ఉన్నదో బండి కూడా అక్కడే ఉంటుంది. రెండు మోచేతులు పట్టిన సందులో బండి కూడా పడుతుంది. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన ఈ అలవాటు కారు ఎక్కగానే వదలదు. నేర్చుకొనే వ్యక్తి తెలియకుండానే తన శరీరాన్ని దారికి నడుమ నిలుపుకోవాలని చూస్తాడు. అతడు నడుమకు వస్తే అతని ఎడమన ఉన్న కారు రోడ్డు అంచు దాటిపోతుంది. పక్కన కూర్చున్న శిక్షకుడు ఒక చేత్తో స్టీరింగును కుడికి లాగుతూ "ఎడమ చూసుకో బాబూ, ఎడమ చూసుకో" అని హెచ్చరించడం డ్రైవింగు నేర్చుకొన్న ప్రతి ఒక్కరికీ అనుభవమే.

ఈ హెచ్చరిక విన్న అభ్యాసకుడు కొద్దిరోజులకు మరొక పొరపాటులో పడతాడు. ఎడమ అంచు అంటేనే భయం పట్టుకొని కారును రోడ్డు నడిమికి తెచ్చి అక్కడే నడుపుతాడు. వెనుక వచ్చేవారికి దారి ఉండదు. ఎదుటి నుండి లారీ వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎడమకు కోస్తాడు. ఆ క్షణంలో ఎడమన ఎవరున్నారో చూసే వ్యవధి అతనికి ఉండదు. మొదటి పొరపాటు అంచు దూరం తెలియకపోవడం వల్ల వచ్చింది. రెండవదీ అంచు దూరం తెలియకపోవడం వల్లనే వచ్చింది. ఒకటి ధైర్యంగా కనిపిస్తుంది, మరొకటి జాగ్రత్తగా కనిపిస్తుంది. రెండింటికీ మూలం ఒకే అజ్ఞానం.

ఈ అజ్ఞానానికి అభ్యాసకుని తెలివితక్కువతనం కారణం కాదు. కంటికి కనిపించేదే అతనిని మోసగిస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులకు సుపరిచితమైన సరూప త్రిభుజాల సూత్రంతో ఈ మోసాన్ని వివరించవచ్చు. ఒక కారు వెడల్పు 1.7 మీటర్లు అనుకోవచ్చు. చోదకుని కన్ను కారు కుడి అంచు నుండి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఎడమ అంచు అతనికి 1.25 మీటర్ల దూరంలో ఉంటుంది. బానెట్టు అడ్డుగా ఉండడం వల్ల అతనికి ముందున్న నేల వెంటనే కనిపించదు. కంటి నుండి సుమారు 7 మీటర్ల అవతల నుండి మాత్రమే కనిపించడం మొదలవుతుంది. బానెట్టు కొన కంటికి 2 మీటర్ల దూరంలో ఉన్నదనుకొంటే, 7 మీటర్ల అవతల 1.25 మీటర్లు ఎడమగా ఉన్న బిందువును చూసే చూపు బానెట్టు కొనను కేవలం 36 సెంటీమీటర్లు ఎడమగా దాటిపోతుంది. ఆ కారు నడిమి గీత కంటికి 40 సెంటీమీటర్ల ఎడమన ఉంటుంది. అంటే కారు ఎడమ పక్క సరిగ్గా రోడ్డు అంచు మీదికి వచ్చినప్పుడు ఆ అంచు బానెట్టు ఎడమ మూలలో కాక, దాదాపు నడుమ నుండి బయలుదేరినట్లు కనిపిస్తుంది.

ఈ సంగతి తెలియని అభ్యాసకునికి ఏమనిపిస్తుంది? రోడ్డు అంచు బానెట్టు నడిమికి వచ్చింది కాబట్టి కారు సగం రోడ్డు దిగిపోయిందని భయపడి కుడికి తిప్పుతాడు. తిప్పవలసిన అవసరం నిజానికి లేదు. మరొకడు అంచును బానెట్టు నడుమనే ఉంచి నడపడం అలవాటు చేసుకొని, తనకూ అంచుకూ నడుమ ఎంతో చోటు ఉన్నదని భ్రమపడతాడు. నిజానికి అతని చక్రాలు తారు చివరనే నడుస్తుంటాయి. మనిషి ఎత్తును బట్టి, ఆసనం అమరికను బట్టి, కారు ఆకారాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. పొట్టివాని గుర్తు పొడుగువానికి పనికిరాదు; చిన్న కారులో కుదిరిన గుర్తు పెద్ద కారులో కుదరదు. కాబట్టి ఎవరి గుర్తు వారే కనిపెట్టుకోవాలి. కనిపెట్టుకొనే అవకాశం శిక్షణలోనే కల్పించాలి.

ఇంతకూ ఈ ఎడమ అంచు మీద ఎవరున్నారు? నగరవాసి దృష్టిలో రోడ్డు పక్క అంటే ఖాళీ చోటు. కాని తెలుగునాట రోడ్డు పక్క ఎన్నడూ ఖాళీగా ఉండదు. కోతల కాలంలో రైతులు వడ్లూ మొక్కజొన్నలూ అక్కడే ఆరబోస్తారు. వేసవి వస్తే తాటిముంజలు అమ్మేవారు, మామిడికాయల గంపలవారు తారు అంచునే కూర్చుంటారు. తిరుమలకు కాలినడకన పోయే భక్తులు తెల్లవారుజామున బారులు తీరి నడిచేది ఆ అంచు మీదనే. మేడారం జాతరకు కదిలే జనం ఎడ్లబండ్లతో సాగేదీ ఆ అంచుననే. కాలిబాట లేని ఊళ్లలో బడిపిల్లలు పుస్తకాల సంచులతో నడిచేదీ, కాలిబాట ఉన్నా దానిని దుకాణాలు ఆక్రమించిన పట్టణాలలో వృద్ధులు దిగి నడిచేదీ అక్కడే. గొర్రెల మందను తోలుకొని పోయే కాపరి, సైకిలు మీద పాలబిందెలతో పోయే వ్యక్తి, బస్సు కోసం నిలబడ్డ స్త్రీ, వీరందరి చోటూ రోడ్డుకు ఎడమ పక్కనే. ఎవరికీ చుట్టూ ఇనుప రేకు లేదు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. మరణించినవారిలో 32,825 మంది పాదచారులు. అంటే సుమారు ప్రతి ఐదుగురు మృతులలో ఒకరు ఏ వాహనమూ లేని మనిషి. ఈ మరణాలన్నింటికీ ఎడమవైపు దూరం అంచనా తప్పడమే కారణమని చెప్పడం సత్యదూరం. అతివేగం, మద్యపానం, చీకటి, రోడ్డు దాటే వసతులు లేకపోవడం వంటి కారణాలు అనేకం. అయినా రోడ్డు మీద ఎవరు ఎక్కువ నిస్సహాయులో ఈ అంకెలు చెప్పకనే చెబుతున్నాయి. ఆ నిస్సహాయుని పక్క నుండి ఎంత ఎడంగా పోవాలో తెలియనివాని చేతికి స్టీరింగు ఇవ్వడం న్యాయం కాదు.

డ్రైవింగులోని ఇతర పొరపాట్లకూ ఈ పొరపాటుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. క్లచ్చి సరిగా వదలకపోతే ఇంజను ఆగిపోతుంది, సిగ్గుపడవలసింది నేర్చుకొనేవాడే. గేరు తప్పు పడితే కారు మూలుగుతుంది, ఖర్చు యజమానిదే. గట్టిగా బ్రేకు తొక్కితే లోపలివారికే కుదుపు. ఎడమ అంచనా తప్పితే మాత్రం చాలాసార్లు దెబ్బ తగిలేది కారు బయట ఉన్నవానికి. తప్పు ఒకరిది, గాయం మరొకరిది. తప్పు చేసినవానికి ఒక్కొక్కసారి ఆ సంగతి తెలియనైనా తెలియదు. ఎడమ అద్దం ఒకరి మోచేతికి తగిలినా, సైకిలువాడు తడబడి కాలువలో పడినా, కారు లోపల పాట వినిపిస్తూనే ఉంటుంది. పొరపాటు చేసినవానికి దాని ఫలితం తెలియని చోట అనుభవం గురువు కాజాలదు. అనుభవమే అన్నీ నేర్పుతుందనే వాదం ఇక్కడే వీగిపోతుంది.

ఎడమవైపు గుడ్డిదనే సత్యం బరువు వాహనాలవారికి ఏనాడో తెలుసు. లారీలో డ్రైవరుకు ఎడమన క్లీనరు కూర్చుంటాడు. ఇరుకు వంతెన మీద, సంత జరిగే ఊరి నడుమ అతడు కిటికీలోంచి తల బయటపెట్టి, తలుపు మీద అరచేత్తో తడుతూ "పోనీ, పోనీ" అంటాడు. అంచు దగ్గరపడగానే "ఆపు" అని కేక వేస్తాడు. ఆర్టీసీ బస్సు వెనక్కు వెళ్లవలసి వస్తే కండక్టరు దిగి ఈల వేస్తాడు. క్లీనరు లారీకి ఎడమ కన్ను. చదువు అంతగా లేని ఆ వృత్తిలో పుట్టిన ఏర్పాటులో ఎంతో వివేకం ఉన్నది: కనిపించని వైపును ఊహకు వదలకూడదు, అక్కడ ఒక మనిషిని ఉంచాలి అనే వివేకం.

కారు నేర్చుకొనేటప్పుడు కూడా ఆ ఎడమ ఆసనంలో ఒక మనిషి ఉంటాడు. అతడే శిక్షకుడు. అభ్యాసకునికి కనిపించని అంచు అతనికి కిటికీ పక్కనే కనిపిస్తుంది. అతని కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. దూరం తగ్గినప్పుడల్లా అతడే బ్రేకు నొక్కుతాడు. అతడే స్టీరింగును సవరిస్తాడు. అందువల్ల అభ్యాసకుడు క్షేమంగా ఉంటాడు. కాని ఎడమను చూడవలసిన అవసరం కూడా అతనికి రాదు. శిక్షణ ముగిసి లైసెన్సు చేతికి వచ్చిన రోజున ఎడమ ఆసనం ఖాళీ అవుతుంది. అంతవరకు అంచును కాచిన కన్ను అదే రోజున వెళ్లిపోతుంది. ఆ కన్నును అభ్యాసకునికి అప్పగించి పోవడమే శిక్షణ పరమార్థం కావాలి. నేటి శిక్షణలో ఈ అప్పగింత సరిగా జరగడం లేదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం సొంత కారు నడపదలచినవారికి డ్రైవింగు పాఠశాలలో ఇచ్చే శిక్షణ 21 రోజులకు తక్కువ కాకూడదు. అందులో స్వయంగా వాహనం నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. పది గంటలు ఎక్కువేమీ కాదు. అయినా క్రమపద్ధతిలో వినియోగిస్తే చాలినంత నేర్పవచ్చు. ఆచరణలో ఈ గంటలు ఎక్కువభాగం రద్దీ రోడ్ల మీద గేర్లు మార్చడంలో, హారను మోగించడంలో గడిచిపోతున్నాయి. పరీక్ష కోసం ట్రాకులు ఏర్పాటు చేసిన చోట ఎనిమిది అంకె ఆకారపు బాటలో, ఇంగ్లీషు అక్షరం హెచ్ ఆకారపు బాటలో కారును నడిపించి చూస్తారు. ఈ బాటల అంచులు అభ్యర్థి అంచనా శక్తిని కొంతవరకు పరీక్షిస్తాయి, కాదనలేము. కాని ఆ అంచుల మీద మనుషులు ఉండరు, వేగమూ ఉండదు. బాటను కంఠస్థం చేసినట్లు మలుపులను గుర్తు పెట్టుకొని గట్టెక్కేవారు ఉన్నారు. కంఠస్థం చేసిన పద్యానికి అర్థం తెలిసి ఉండాలన్న నియమం లేదు కదా!

ఈ లోపాన్ని సవరించడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక ఖాళీ మైదానం, కొంచెం సున్నం, ఒక టేపు చాలు. సున్నంతో నేల మీద ఒక పొడవైన తిన్నని గీత గీయాలి. ఎడమ చక్రాలు ఆ గీతకు ఒక అడుగు దూరంలో ఉండేటట్లు కారును నెమ్మదిగా నడిపి ఆపమని అభ్యాసకునికి చెప్పాలి. ఆపిన తరువాత అతడే దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్లి, దూరాన్ని స్వయంగా కొలవాలి. ఒక అడుగు అనుకొన్నది మూడడుగులై ఉండవచ్చు. చక్రం గీతను తొక్కి ఉండనూవచ్చు. మళ్లీ ఎక్కి, గీత బానెట్టులో ఏ భాగం నుండి బయలుదేరుతున్నట్లు కనిపిస్తున్నదో చూసుకోవాలి. ఆ తరువాత రెండడుగుల దూరంలో, మూడడుగుల దూరంలో ఇదే అభ్యాసం చేయాలి. అనుకొన్న దూరమూ కొలిచిన దూరమూ ఒకటయ్యేవరకు దిగడం, కొలవడం, ఎక్కడం మానకూడదు. కన్ను చెప్పే అబద్ధాన్ని టేపు సరిచేస్తుంది. పది పన్నెండు సార్లు సరిచేసిన తరువాత కన్ను నిజం చెప్పడం నేర్చుకొంటుంది.

ఈ అభ్యాసంలో మరొక సూక్ష్మం బోధపడుతుంది. అంచు దూరం తెలుసుకోవాలని దగ్గరి అంచునే చూస్తూ నడిపితే కారు తిన్నగా పోదు. చూపు ఎటు ఉంటే చేయి అటే లాగుతుంది. అంచును చూసేవాడు అంచు వైపుకే జారతాడు. అందుచేత చూపు దూరంగా, వెళ్లవలసిన దారి నడుమ నిలవాలి. అంచును క్రీగంటితో గమనించాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. దగ్గరి నేలను చూసి నిర్ణయం తీసుకొనేలోపల ఆ నేల వెనుకబడిపోతుంది. దూరపు చూపు స్థిరత్వాన్ని ఇస్తుంది. పక్కచూపు హెచ్చరికను ఇస్తుంది. రెండూ కలిసినప్పుడే కారు అదుపులో ఉన్నట్లు.

ఎడమ అద్దం ఈ విషయంలో గొప్ప సహాయకారి. చాలా పాత కార్లలో అది ఉండేది కాదు. ఉన్నవారిలోనూ ఇరుకు సందుల్లో తగులుతుందని మడిచి పెట్టుకొనేవారు నేటికీ కనిపిస్తారు. కన్నును మూసుకొని నడవడానికీ దీనికీ తేడా లేదు. ఎడమ అద్దంలో కారు పక్క కొంచెమూ, రోడ్డు అంచు కొంచెమూ కనిపించేటట్లు అమర్చుకొంటే వెనుక చక్రం ఏ దారిన వస్తున్నదో తెలుస్తుంది. అయితే ఎడమ అద్దం సాధారణంగా కుంభాకారంగా ఉంటుంది. భౌతికశాస్త్రం చదివినవారు ఎరిగినట్లు కుంభాకార దర్పణంలో ప్రతిబింబం చిన్నదిగా కనిపిస్తుంది. చిన్నదిగా కనిపించేది దూరంగా ఉన్నట్లు తోస్తుంది. కాబట్టి అద్దంలో ఎడంగా కనిపించిన సైకిలువాడు నిజానికి మరింత దగ్గరగా ఉన్నాడని గ్రహించాలి.

ఎడమకు మలుపు తిరిగేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. ముందు చక్రం పోయిన దారినే వెనుక చక్రం పోదు. అది మలుపు లోపలి వైపుకు కోసుకొని పోతుంది. ముందు చక్రం మూలను తప్పించుకొన్నది కదా అని నిశ్చింతగా ఉంటే వెనుక చక్రం ఆ మూల మీద నిలబడినవాని పాదం మీదికి రావచ్చు. బండి పొడవు పెరిగేకొద్దీ ఈ కోత పెరుగుతుంది. మలుపు మూలలో బస్సు కోసం జనం నిలబడే అలవాటు ఉన్న ఊళ్లలో ఈ సంగతి ప్రతి చోదకుడూ, ప్రతి పాదచారీ తెలుసుకోదగినది.

గోదావరి డెల్టాలో కారు నడిపేవారికి ఎడమ అంచు విలువను వేరుగా చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కాలువలు ఆ సీమను అన్నపూర్ణగా మార్చాయి. ఆ కాలువల గట్లే అనేక చోట్ల రోడ్లయ్యాయి. కోనసీమలో ప్రయాణిస్తుంటే ఒక పక్క కొబ్బరి తోట, మరొక పక్క నిండుగా పారే కాలువ. తారుకూ నీటికీ నడుమ కొన్నిచోట్ల నాలుగడుగుల మట్టి మాత్రమే ఉంటుంది. వానకాలంలో ఆ మట్టి మెత్తబడి చక్రం బరువుకు దిగిపోతుంది. ఎదుటి బస్సుకు దారి ఇవ్వాలన్న మర్యాదతో అంచు ఎరుగకుండా ఎడమకు ఒరిగిన కారుకు అక్కడ క్షమాపణ లేదు. ఎంతవరకు తొలగవచ్చునో తెలిసినవాడు తొలగుతాడు. తెలియనివాడు ఆగి, ఎదుటివానిని పోనిస్తాడు. ఆగడంలో అవమానం లేదు. అంచు తెలియనప్పుడు ఆగడమే అసలైన నేర్పు.

తారు మట్టం కన్నా మట్టి మట్టం పల్లంగా ఉన్న రోడ్లలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. ఎడమ చక్రం తారు దిగిందని తెలియగానే భయంతో స్టీరింగును ఒక్కపెట్టున కుడికి తిప్పడం సహజం. చక్రం తారు అంచును ఒరుసుకొని ఒక్కసారిగా పైకి ఎక్కి, కారును ఎదుటి వాహనాల మీదికి నెట్టివేస్తుంది. చేయవలసింది దీనికి భిన్నం. స్టీరింగును గట్టిగా తిన్నగా పట్టుకొని, గట్టిగా బ్రేకు తొక్కకుండా వేగాన్ని తగ్గించుకొని, వెనుకా ముందూ చూసి, నెమ్మదిగా తారు మీదికి రావాలి. ఈ పాఠాన్ని మైదానంలో తక్కువ వేగంతో నేర్పవచ్చు. నేర్పనందువల్ల ఎందరో దీనిని మొదటిసారిగా హైవే మీద ఎదుర్కొంటున్నారు.

ఇన్ని జాగ్రత్తలు అవసరమా, కొత్త కార్లలో కెమెరాలూ అడ్డు వస్తే కూత పెట్టే సెన్సారులూ ఉన్నాయి కదా అని కొందరు వాదించవచ్చు. ఆ పరికరాలు ఉపయోగకరమైనవే. కాని అవి చాలావరకు కారును నిలిపే చోట, నెమ్మదిగా వెనక్కు తీసే చోట పనికివచ్చేవి. గోడను చూసి కూసే సెన్సారు, తల మీద గడ్డిమోపుతో ముందుకు కనిపించక నడిచే స్త్రీ మరుక్షణం ఏ వైపు తూలుతుందో చెప్పలేదు. పైగా రోడ్ల మీద తిరిగే కార్లన్నీ కొత్తవి కావు. కొత్త కారు నడిపేవారు రేపు పాత కారు నడపవలసి రావచ్చు. పరికరం మనిషి కంటికి తోడు కావాలి, బదులు కాకూడదు.

అంచు దూరం తెలియడమంటే అంచును ఒరుసుకొని పోగలగడం అని అపార్థం చేసుకోరాదు. గోడకు అంగుళం ఎడంలో కారు ఆపి మెప్పు పొందేవారు ఉంటారు. అది విన్యాసం. దూరం తెలిసినవాని లక్షణం అవసరమైన దూరాన్ని వదలడం. 1989 నాటి రహదారి నిబంధనలు వాహనాన్ని వీలైనంతగా ఎడమవైపున నడపాలని చెప్పాయి. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా ఎడమన సాగాలన్న మూలసూత్రం మారలేదు. అందులోని ‘వీలైనంత’ అనే మాటలోనే విచక్షణ ఇమిడి ఉన్నది. సైకిలువానిని దాటే కారు ఎంత ఎడం ఉండాలో కొన్ని దేశాలు చట్టంలోనే పేర్కొన్నాయి. జర్మనీలో 2020 నుండి ఊళ్లలో కనీసం ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు వదలాలి. ఫ్రాన్సులో ఊళ్లలో ఒక మీటరు, ఊరి బయట ఒకటిన్నర మీటరు. అంకె ఎంతైనా, దూరాన్ని అంచనా కట్టలేనివాని విషయంలో అటువంటి చట్టం నిష్ప్రయోజనం. మీటరు ఎంతో కంటికి తెలిస్తేనే మీటరు వదలగలడు.

బాధ్యత అంతా నేర్చుకొనేవారి మీదనే మోపడం కూడా ధర్మం కాదు. రోడ్డు అంచున తెల్లగీత స్పష్టంగా ఉంటే కంటికి ఆధారం దొరుకుతుంది. తారుకూ మట్టికీ మట్టం సమంగా ఉంటే చక్రం దిగినా ప్రాణం పోదు. ఊరూరా నడిచేవారికి కాలిబాట ఉంటే, ఆ బాట నడిచేవారికే మిగిలితే, అంచు మీద ఒత్తిడి తగ్గుతుంది. రోడ్డు వేసేవారు చేయవలసిన పని వారు చేయాలి. శిక్షణ ఇచ్చేవారు మొదటి రెండు గంటలను ఎడమ అంచు అభ్యాసానికే కేటాయించాలి. లైసెన్సు ఇచ్చే అధికారులు పరీక్షలో అభ్యర్థిని గీత పక్కన ఆపించి, దూరం ఎంతో నోటితో చెప్పించి, ఆ తరువాత కొలిచి చూడాలి. కాగితం మీద వ్రాసే ప్రశ్నల కన్నా ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు అభ్యర్థి యోగ్యతను ఎక్కువగా తెలుపుతుంది.

జూనియర్ కళాశాల విడిచి వెళ్లే విద్యార్థులలో చాలామందికి త్వరలోనే పద్దెనిమిదేళ్లు నిండుతాయి. చట్టప్రకారం కారు నేర్చుకోవడానికి తగిన వయసు అదే. తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం తగిలించిన కారులో వారిలో ఎందరో మొదటిసారిగా కుడి ఆసనంలో కూర్చుంటారు. ఆనాడు వారి దృష్టి వేగాన్ని చూపే ముల్లు మీదికి పోవడం సహజం. స్నేహితులు అడిగేదీ ఎంత వేగంగా నడిపావనే. ఎంత ఎడంగా నడిపావని అడిగేవారు అరుదు. కాని రోడ్డు పక్కన పిల్లను చేయి పట్టుకొని నడిపించుకొని పోయే తల్లికి కావలసినది ఆ రెండవ ప్రశ్నకు సరైన జవాబు.

వలపటి ఎద్దునూ దాపటి ఎద్దునూ పేరుపేరునా ఎరిగిన రైతుకు తన బండి ఎంత మేర ఆక్రమిస్తుందో తెలుసు. అందుకే అతడు ఇరుకు దారిలో ఎదురైనవానికి చోటు వదలగలిగాడు. తెలుగులో దాపు అనే మాటకు సమీపం అనీ, ఆశ్రయం అనీ అర్థాలు ఉన్నాయి. కారుకు దాపల నడిచే మనిషి చోదకునికి అతి సమీపంలో ఉన్నవాడు. ఆ క్షణానికి అతని చేతి నేర్పునే ఆశ్రయించినవాడు. తనకు కనిపించే కుడివైపును ప్రతివాడూ కాపాడుకొంటాడు. కనిపించని ఎడమవైపును కాపాడగలిగిననాడే కారు నడపడం వచ్చినట్లు.